లండన్ పొట్టి గౌను, మన మీటింగు చీర
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా గ్రూపు తరఫున చేసిన ప్రసంగం)



 ఎప్పుడూ మనం పొదుపు, రికవరీ, బ్యాంకు లింకేజీ గురించే మాట్లాడుకుంటాం. ఈసారి బట్టల గురించి మాట్లాడదామని వచ్చాం. నవ్వకండి. ఆఖర్లో ఒక తీర్మానం కూడా అడగబోతున్నాం.

ముందు మా దగ్గర జరిగింది చెప్తాం. పోయిన ఏడాది మా గ్రామ సంఘం మీటింగులో "మీటింగుకి అందరూ చీరలోనే రావాలి" అని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. పద్ధతిగా ఉంటుంది అనుకున్నాం. సంతకాలు పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం. తర్వాతి నెల మా గ్రూపులో అందరికంటే చిన్నమ్మాయి కుట్టు సెంటరు నుంచి స్కూటీ మీద నేరుగా వచ్చింది, చుడీదార్‌లో. "ఇది సంఘం మీటింగా, కాలేజీనా?" అనే మాట వచ్చింది. ఎవరో అన్నారని చెప్పి తప్పించుకోం. అన్నది మా గ్రూపే.

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. పొదుపు డబ్బులు చాప మీద పెట్టి, సంతకం పెట్టి వెళ్ళిపోయింది. మూడు నెలలు మీటింగుకి రాలేదు. పొదుపు మాత్రం వాళ్ళ అత్త చేత పంపింది. మూడుసార్లూ ఆమె పేరు ఎదురుగా "గైర్హాజరు" అని రాశాం. ఎందుకు రాలేదో మాత్రం రాయలేదు.

మా గ్రూపులో ఆరుగురం కుట్టు పని చేస్తాం. టైలరింగు ట్రైనింగులో మేడమ్ గారు ఒక పూట బట్టల చరిత్ర చెప్పారు. అప్పుడు మేము, కటింగు ఎప్పుడు నేర్పుతారా అని గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాం. ఈ గొడవ జరిగాక ఆ నోట్సు మళ్ళీ తీశాం. తెలియనివి అడిగి తెలుసుకున్నాం. 1960లలో ఇంగ్లాండులో, ఫ్రాన్సులో, అమెరికాలో ఆడవాళ్ళ బట్టల మీద ఎంత రభస జరిగిందో చదువుతుంటే, మన గ్రామ సంఘంలో జరిగిందే చదువుతున్నట్టు ఉంది. అందుకే మీకు చెప్పాలనిపించింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లాండులో మగవాళ్ళు సైన్యానికి పోతే, ఫ్యాక్టరీల పని ఆడవాళ్ళు చేశారు. ప్యాంట్లు వేసుకొని మిషన్ల దగ్గర నిలబడ్డారు. గుడ్డ కూడా కూపన్ల మీదే దొరికేది. 1941లో పెట్టిన ఆ బట్టల రేషను 1949 దాకా ఉంది. యుద్ధం అయిపోగానే చాలామంది ఆడవాళ్ళని ఇక ఇంటికి పొమ్మన్నారు. 1947లో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ అనే ఆయన కొత్త ఫ్యాషను తెచ్చాడు. నడుము బిగించి, కింద గొడుగులాగా విచ్చుకున్న పొడుగాటి గౌన్లు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటాయి. ఒక్క గౌనుకి గజాల కొద్దీ గుడ్డ. లోపల నడుము నొక్కే పట్టీ. తొడల దాకా వచ్చే మేజోళ్ళు, అవి జారకుండా పట్టీకి తగిలించే క్లిప్పులు. అది వేసుకొని కూర్చోవచ్చు, నిలబడవచ్చు. బస్సు వెనకాల పరిగెత్తమంటే మాత్రం కష్టం.

అప్పుడొచ్చింది మేరీ క్వాంట్ అనే ఆవిడ. తల్లిదండ్రులు ఇద్దరూ టీచర్లు. 1955లో లండన్‌లో చెల్సీ అనే పేటలో, కింగ్స్ రోడ్డు మీద, తర్వాత భర్త అయిన మనిషితోనూ ఇంకో స్నేహితుడితోనూ కలిసి ఒక కొట్టు పెట్టింది. కొట్టు పేరేంటో తెలుసా? బజార్. మనం రోజూ అనే మాటే. మొదట బయట తయారైన బట్టలు కొని తెచ్చి అమ్మేది. తనకి కావలసిన రకం దొరక్కపోయేసరికి తనే కుట్టడం మొదలుపెట్టింది. పాటర్ను కాగితాలు కొని, వాటిని తనకి నచ్చినట్టు మార్చుకొని, తను ఉండే గదిలోనే కుట్టించేది. ఈ రోజు అమ్మిన డబ్బుతో రేపటికి గుడ్డ కొనేది.

ఇక్కడ మేము నవ్వుకున్నాం. హోల్‌సేల్‌లో కొనొచ్చని కూడా తెలియక, హారడ్స్ అనే ఖరీదైన పెద్ద దుకాణంలో చిల్లర రేటుకే గుడ్డ కొనేదట. మన గ్రూపుల్లో ఎవరిని అడిగినా తాను మొత్తం కొంటే మీటరుకి ఎంత తగ్గుతుందో చెప్తాం. అంత పేరున్న మనిషి కూడా వ్యాపారం అలా చేతులు కాల్చుకుంటూనే నేర్చుకుంది.

ఆమె కుట్టిన గౌన్లు తేలిగ్గా, నిటారుగా ఉండేవి. నడుము దగ్గర బిగింపు లేదు. అడుగు అంచు ఏడాదికేడాది పైకి పోయి, మోకాలు దాటింది. అప్పట్లో వచ్చిన చిన్న కారు మినీ అంటే ఆమెకి ఇష్టం. ఆ కారు పేరే ఆ గౌనుకి పెట్టింది. పారిస్‌లో ఆంద్రే కురేజ్ అనే ఆయన కూడా ఆ రోజుల్లోనే పొట్టి గౌన్లు చేశాడు. ఎవరు ముందు అని వాదనలు ఉన్నాయి. మేరీ క్వాంట్ మాత్రం, దాన్ని కనిపెట్టింది తను కాదు, కింగ్స్ రోడ్డు మీద తిరిగే ఆడపిల్లలు అనేది. ఇంకా పొట్టిగా, ఇంకా పొట్టిగా అని వాళ్ళే అడిగారట.

ఎవరా ఆడపిల్లలు? ఆఫీసుల్లో టైపు కొట్టేవాళ్ళు, కొట్లలో అమ్మేవాళ్ళు, కాలేజీలో చదివేవాళ్ళు. అంతకుముందు తల్లి ఎలా కట్టుకుంటే కూతురు అలా కట్టుకునేది, బట్ట కొనే డబ్బు తండ్రిది. ఈ పిల్లల చేతిలో సొంత జీతం ఉంది. శనివారం కొట్టుకి వెళ్ళి తమకి నచ్చింది తమ డబ్బుతో కొనుక్కున్నారు. 1964లో బార్బరా హులానికీ అనే ఇంకొకావిడ ఒక పేపర్లో గులాబీ రంగు గళ్ళ గౌను బొమ్మ వేయించి, పోస్టులో పంపుతాం, ధర 25 షిల్లింగులు అని పెడితే 17,000 ఆర్డర్లు వచ్చాయి. ఆమె బీబా అనే కొట్టు అలా నిలబడింది. ఆ 17,000 మందిలో ఎంతమంది సొంత డబ్బుతో కొన్నారో ఊహించుకోండి.

గౌను పొట్టిదయ్యేసరికి పాత మేజోళ్ళు, క్లిప్పులు పనికిరాలేదు. కాలి నుంచి నడుము దాకా ఒకే ముక్కగా ఉండే నైలాన్ టైట్స్ వచ్చాయి. చెప్పుల మడమ తగ్గింది. నడవటానికి, సైకిలు తొక్కటానికి, మెట్లెక్కటానికి వీలైన బట్టలు వచ్చాయి. చుడీదార్ వేసుకొని స్కూటీ నడిపే మన పిల్లలకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మరి గొడవ కాలేదా? ఎందుకు కాలేదు! 1965 అక్టోబరులో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ గుర్రపు పందేలకి జీన్ ష్రింప్టన్ అనే ఇంగ్లాండు మోడల్‌ని పిలిచారు. ఆమె మోకాలికి నాలుగు అంగుళాలు పైకి ఉన్న తెల్ల గౌను వేసుకొని వచ్చింది. నెత్తిన టోపీ లేదు, చేతికి గ్లౌజులు లేవు, కాళ్ళకి మేజోళ్ళు లేవు. పెద్దింటి ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. పేపర్ల నిండా అదే. అంత రభసకి అసలు కారణం ఏంటంటే, ఇచ్చిన గుడ్డ చాలలేదు! ఉన్న గుడ్డకి సరిపోయేట్టు గౌను కుట్టారు. మనలో కుట్టేవాళ్ళకి ఆ బాధ తెలుసు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. గౌను నాలుగు అంగుళాలు పైకి పోతే అంత ఉలికిపాటు ఎందుకు? ఆ రోజుల్లో ఆ దేశాల్లో ఆడవాళ్ళ చేతిలో ఏముందో చూస్తే అర్థమవుతుంది.

ఫ్రాన్సులో పెళ్ళయిన ఆడది భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేయడానికి, తన పేరున బ్యాంకు ఖాతా తెరవడానికి హక్కు ఇస్తూ చట్టం వచ్చింది 1965లో. మళ్ళీ చెప్తాం, 1965లో. ఆ మరుసటి ఏడాది 1966లో పారిస్‌లో ఈవ్ సాన్ లోరాన్ అనే ఆయన ఆడవాళ్ళకి మగవాళ్ళ కోటు ప్యాంటు లాంటి సూటు తయారుచేశాడు. పారిస్‌లో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోకూడదని 1800లో పెట్టిన నిబంధన ఒకటుంది. పాటించడం మానేసి చాలా ఏళ్ళయినా, అది చెల్లదని ప్రభుత్వం అధికారికంగా చెప్పింది 2013లో.

ఇంగ్లాండులో పెళ్ళయితే టీచరు ఉద్యోగం వదిలేయాలనే రూలు 1944 దాకా ఉంది. ప్రభుత్వ ఆఫీసుల్లో 1946 దాకా. విదేశాంగ శాఖలో అయితే 1973 దాకా. అప్పు కావాలంటే, వాయిదాల మీద సామాను కావాలంటే తండ్రినో భర్తనో హామీగా తీసుకురమ్మనేవాళ్ళు. అది తప్పు అని చట్టం వచ్చింది 1975లో. అమెరికాలో ఆడదని, పెళ్ళయిందని అప్పు నిరాకరించకూడదని చట్టం వచ్చింది 1974లో.

అక్కలారా, ఒక్కసారి ఆలోచించండి. 1966లో లండన్‌లో మినీ గౌను వేసుకొని తిరిగిన అమ్మాయికి బ్యాంకులో అప్పు కావాలంటే మగవాడి సంతకం కావాలి. మన దగ్గర పెద్దబాలశిక్ష కూడా చదవని అక్క పది మంది ఆడవాళ్ళ సంతకాలతో, మగవాడి సంతకం ఒక్కటీ లేకుండా, బ్యాంకు నుంచి లక్షల్లో అప్పు తెస్తోంది. బట్ట చూసి ఎవరు ముందున్నారో చెప్పలేం. బట్ట మారినంత తొందరగా చట్టం మారలేదు, చెక్కు మీద సంతకం మారలేదు. ఆ పిల్లలు బట్ట దగ్గర మొదలుపెట్టారు, ఎందుకంటే ఆ రోజుకి వాళ్ళ చేతిలో ఉన్నది అదే.

ఇంకో సంగతి కుట్టుపని చేసేవాళ్ళు చెవిపెట్టి వినాలి. ఇంగ్లాండులో డాగెన్‌హామ్ అనే చోట ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ. అందులో కారు సీట్ల కవర్లు కుట్టేది ఆడవాళ్ళు. మిషను మీద పరీక్ష పాసైతేనే ఉద్యోగం. కానీ వాళ్ళ పనిని నైపుణ్యం లేని పని అని కింది గ్రేడులో పెట్టారు. ఆ గ్రేడులో కూడా మగవాళ్ళకి ఇచ్చేదాంట్లో 85 శాతమే వీళ్ళకి. 1968 జూన్ 7న 187 మంది మిషన్లు ఆపి బయటికొచ్చారు. సీట్లు లేని కారు ఎవరు కొంటారు? ఫ్యాక్టరీయే ఆగిపోయింది. మూడు వారాలకి బార్బరా కాజిల్ అనే మహిళా మంత్రి వాళ్ళని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడింది. కూలి 92 శాతానికి పెరిగింది. ఆ సమ్మె వల్లే 1970లో సమాన వేతన చట్టం వచ్చింది, 1975 ఆఖరున అమలైంది. అయితే కుట్టడం నైపుణ్యం ఉన్న పని అని ఒప్పుకొని పై గ్రేడు ఇవ్వడానికి మాత్రం 1984లో మళ్ళీ సమ్మె చేయాల్సి వచ్చింది. పదహారేళ్ళు పట్టింది.

గౌను ఫొటో అందరికీ గుర్తుంది. సీటు కవరు కుట్టినవాళ్ళ గురించి ఎంతమందికి తెలుసు? బట్ట వేసుకునే స్వేచ్ఛ ఎంత ముఖ్యమో, బట్ట కుట్టినదానికి సరైన కూలీ అంతే ముఖ్యం. మా ఆరుగురికీ ఈ మాట గుండెకి తగిలింది. స్కూలు యూనిఫాం కుట్టేటప్పుడు "కాజాలు, గుండీలేగా, ఇంట్లో కూర్చొని చేసే పనేగా" అంటారు. కుట్టు నైపుణ్యం కాదని ఇక మా ముందు ఎవరన్నా అంటే ఊరుకోం.

ఆ ఫ్యాషన్లన్నీ మంచివే అని చెప్పడానికి రాలేదు మేము. 1966లో ట్విగ్గీ అనే పదహారేళ్ళ పిల్ల పెద్ద మోడల్ అయింది. పుల్లలాగా సన్నగా ఉండేది. ఆ పేరుకి అర్థమూ అదే. ఆమె స్వతహాగా సన్నం. కానీ ఆమెలాగా ఉండాలని ఎంతోమంది ఆడపిల్లలు కడుపు మాడ్చుకున్నారు. నడుముకి కట్టిన పట్టీ తీసేశారు గానీ, ఆ పట్టీ మనసుకి కట్టుకున్నారు. మన పిల్లలు ఇప్పుడు ఫోన్లో రీల్స్ చూసి "లావున్నాను" అని అన్నం మానేస్తుంటే అదే గుర్తొస్తుంది.

ఆ విషయం అక్కడి ఆడవాళ్ళకీ తెలిసింది. 1968 సెప్టెంబరులో అమెరికాలో అట్లాంటిక్ సిటీలో అందాల పోటీ జరుగుతుంటే, బయట ఆడవాళ్ళు ఒక చెత్త డబ్బా పెట్టి, నడుము పట్టీలు, లో దుస్తులు, ఎత్తు మడమల చెప్పులు అందులో పారేశారు. వాటిని తగలబెట్టారని లోకమంతా ప్రచారం అయింది. నిజానికి అక్కడ ఏమీ తగలబెట్టలేదు. ఆడవాళ్ళు ఒకటి చేస్తే ఊళ్ళో పది చెప్పుకోవడం మన దగ్గరే అనుకున్నాం, అక్కడా అంతే.

ఇక మన దేశం సంగతి. అదే 1966లో జనవరిలో ఇందిరా గాంధీ ప్రధానమంత్రి అయింది. చీరలోనే. ఆ నవంబరులో లండన్‌లో జరిగిన ప్రపంచ సుందరి పోటీలో గెలిచింది మన దేశపు రీటా ఫారియా. మెడిసిన్ చదువుతున్న పిల్ల. పొట్టి గౌన్ల ఊరికి పోయి చీర కట్టి మెప్పించింది. గెలిచాక మోడలింగు, సినిమాలు వద్దనుకొని చదువు పూర్తిచేసి డాక్టరు అయింది. అంటే చీర ఎవరినీ వెనక్కి లాగదు. చుడీదార్ ఎవరినీ చెడగొట్టదు.

మన అమ్మమ్మల సంగతి చూడండి. మా ఊళ్ళో కూలికి పోయే ముసలమ్మలు కొందరు రవిక లేకుండానే చీర కట్టేవాళ్ళు. వాళ్ళ కోడళ్ళు రవిక తొడుక్కుంటే "అబ్బో, షోకులు" అన్నారట. ఈ రోజు రవికా చీరా లేకపోతే పద్ధతి కాదంటున్నాం. నైటీ వచ్చినప్పుడు ఎంత గోల చేశారు! ఇప్పుడు నైటీ మీద తువ్వాలు వేసుకొని రేషను షాపు దాకా పోతున్నాం. ఒకప్పటి షోకే కొన్నాళ్ళకి సంప్రదాయం అవుతుంది.

ఇవన్నీ చదివాక మాకు ఒకటి అర్థమైంది. ఆడవాళ్ళ బట్టల మీద గొడవ వచ్చినప్పుడల్లా దాని వెనక వేరే ప్రశ్న ఉంటుంది. ఆమె డబ్బు ఎవరిది? ఆమె కాళ్ళు ఎటు నడవాలో చెప్పేది ఎవరు? లండన్‌లో ఆ ప్రశ్న తండ్రులు, భర్తలు, పేపర్లవాళ్ళు వేశారు. మా ఊళ్ళో వేసింది ఆడవాళ్ళమే, సంఘంలో కూర్చొని, మినిట్స్ పుస్తకంలో రాసి. ఆ అమ్మాయి మీటింగు కోసం పని మధ్యలో వచ్చింది. ఇంటికెళ్ళి చీర కట్టుకొని రావాలంటే గంట కూలి పోతుంది. ఆ గంట మాకు కనపడలేదు. చుడీదారే కనపడింది.

మా ఇళ్ళల్లో మొదట సంఘానికి బయల్దేరినప్పుడు మా అత్తలు ఏమన్నారో గుర్తుందా? "చేతిలో పుస్తకం, చంకలో సంచీ, ఆఫీసరమ్మ బయల్దేరింది" అన్నారు. ఆ మాట పడి వచ్చినవాళ్ళం, మళ్ళీ అలాంటి మాటే ఇంకొకరిని అన్నాం.

నాలుగో నెలలో మేము ఐదుగురం ఆమె దగ్గరికి వెళ్ళాం. మిషను మీద కుడుతూనే మాట్లాడింది. "నాకు కోపం లేదు అక్కా. పుస్తకంలో రాసింది కదా, అదుండగా ఎలా రమ్మంటారు?" అంది. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. నోటితో క్షమించమంటే సరిపోదు, పుస్తకంలో రాసింది పుస్తకంలోనే కొట్టేయాలి. మా గ్రామ సంఘంలో ఆ తీర్మానం రద్దు చేశాం. మళ్ళీ వస్తోంది. ఈ రోజు కూడా వచ్చింది, ఆ వెనక వరసలో ఉంది. ఏం కట్టుకొని వచ్చిందో తిరిగి చూడకండి.

మన మండలంలో ఇంకొన్ని గ్రామ సంఘాల్లో కూడా ఇలాంటి రూలు ఉందని విన్నాం. అందుకే సమాఖ్యని రెండు తీర్మానాలు అడుగుతున్నాం.

ఒకటి. మీటింగుకి సభ్యురాలు ఏ బట్టలో వచ్చినా హాజరు వేయాలి. బట్టల గురించి రాసిన తీర్మానాలు ఏ పుస్తకంలో ఉన్నా రద్దు చేయాలి. సమాఖ్య పండుగకి అందరం ఒకే రంగు చీర కట్టుకోవడం మాకూ ఇష్టమే. అది ఇష్టంగానే ఉండాలి, జరిమానాగా ఉండకూడదు.

రెండు. కుట్టు పనిని సమాఖ్య రికార్డుల్లో "ఇంటి పని", "ఖాళీ టైము పని" అని రాయడం మానేసి, "నైపుణ్యం ఉన్న పని" అని రాయాలి. ఇక మీద ఏ ఆర్డరు తీసుకున్నా, జతకి కుట్టు కూలీ ఎంతో కుట్టేవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడాకే ఒప్పుకోవాలి. 187 మందికి పదహారేళ్ళు పట్టింది. మన మండలంలో ఒక్క ఏడాదిలో చేసి చూపిద్దాం.

మేరీ క్వాంట్ 2023 ఏప్రిల్‌లో, 93 ఏళ్ళ వయసులో చనిపోయింది. అంతకుముందు 2019లో లండన్‌లో ఒక పెద్ద మ్యూజియం ఆమె బట్టలతో ప్రదర్శన పెట్టింది. మీ దగ్గర పాత గౌన్లు ఉంటే ఇవ్వండి అని ముందే జనాన్ని అడిగితే, ఎంతోమంది ఆడవాళ్ళు యాభై ఏళ్ళుగా దాచుకున్నవి తీసి ఇచ్చారు, వాటి వెనక కథలు చెప్పారు. మనమూ అంతే కదా. మొదటి సంపాదనతో కొన్న చీర చిరిగినా పారేయం. దాని అంచు చూస్తే మొదటిసారి డబ్బు లెక్కపెట్టుకున్న రోజు గుర్తొస్తుంది. ఆ అమ్మాయికి ఆ గుర్తు చుడీదార్ అయితే, అదీ అంతే విలువైనది.

తీర్మానాలకి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్ళు లేచి ఎందుకో చెప్పండి, వింటాం.